వదిన పెట్టిన గొళ్ళెం

వదినకి ఆ స్టూడియోలో ఉద్యోగం ఇప్పించింది జోడీయే. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా తర్వాతి రోజుల్లో తన నెత్తి తనే మొట్టుకునేది.

జోడీ ఆమె అసలు పేరు కాదు. ఏ వస్తువైనా రెండు లేకపోతే ఆమెకి ప్రాణం కుదుటపడదు. గొడుగు కొంటే రెండు, కళ్ళజోడు చేయిస్తే రెండు. ఒకసారి సినిమాకి ఒంటరిగా వెళ్తూ రెండు టిక్కెట్లు కొంది, ఒకటి పోతే ఎలాగని. అందుకే స్టూడియోలో అందరికీ జోడీ అయిపోయింది. అది పిల్లల కార్టూన్లకి గొంతులు రికార్డు చేసే స్టూడియో. రికార్డయిన ప్రతి గొంతూ సర్వర్‌లో చేరుతుంది. సర్వర్‌లో ఉన్నదానికల్లా ఇంకో కాపీ తీసి వేరేచోట భద్రంగా దాచడం, అంటే బ్యాకప్, జోడీ పని. ఆమె స్వభావానికి కొలతలు తీసి కుట్టినట్టుంటుంది ఆ ఉద్యోగం.

వదిన తీరు వేరు. ఎక్కడ తలుపు కనబడితే అక్కడ గొళ్ళెం పెట్టే మనిషి. ఫ్రిజ్ తలుపు వేసి వెళ్ళిపోయి, మళ్ళీ వెనక్కొచ్చి ఒకసారి తోసి చూసి వెళ్తుంది. ఆమె చదువుకున్నది కూడా కంప్యూటర్ల భద్రతే. పక్క బిల్డింగ్ ఆఫీసులో ఎవరో బిల్లులా కనిపించిన ఫైలు తెరవడంతో అక్కడి కంప్యూటర్లన్నీ మొరాయించి కూర్చున్నాయి. అది విని స్టూడియో యజమాని పెద్దసారుకి గుండె జారిపోయింది.

"మనక్కూడా భద్రత చూసే మనిషి కావాలి. గట్టి మనిషి కావాలి" అన్నారాయన.

"మా వదిన కంటే గట్టి మనిషి మీకెక్కడా దొరకదు సార్" అంది జోడీ.

ఆ మాటలో అతిశయోక్తి ఏమీ లేదు. వదిన చేరీ చేరగానే పాస్‌వర్డ్‌లు చాంతాడంత పొడుగయ్యాయి. పెన్‌డ్రైవ్ పెట్టే చోట్లన్నీ పనిచెయ్యడం మానేశాయి. నెట్‌వర్క్‌కి తగిలించి ఉన్న కాఫీ మెషిన్, తనెవరో రుజువు చేసుకోలేక ఆగిపోయింది. పెద్దసారు బయటికెళ్ళి కాఫీ తాగొచ్చి, "భద్రతంటే ఇలా ఉండాలి" అని మెచ్చుకున్నారు.

ఇంట్లో ముగ్గురే. వదిన, జోడీ, ఇద్దరి మధ్య అన్నయ్య. అన్నయ్య డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుని, తన కాలి కింద ఉన్న రెండో బ్రేకు తొక్కుతూ బతికిన మనిషి. ఇద్దరాడవాళ్ళూ ఒకే ఆఫీసులో చేరిన రోజే ఆయన ముందుజాగ్రత్తగా ఒక నియమం పెట్టాడు. భోజనాల బల్ల దగ్గర ఆఫీసు మాట ఎత్తకూడదు. కొన్నాళ్ళు అది బాగానే సాగింది.

ఒక సోమవారం ఉదయం జోడీ కుర్చీలో కూర్చుని కంప్యూటర్ తెరిచేసరికి, రోజూ పచ్చటి టిక్కు కనిపించే చోట ఎర్రటి ఇంటూ గుర్తు ఉంది. రాత్రి బ్యాకప్ జరగలేదు.

ఆమె కంగారుపడలేదు. ముందు డిస్క్‌లో చోటుందో లేదో చూసింది. బోలెడుంది. కేబుల్ ఊడిందేమో చూసింది. లేదు. పాస్‌వర్డ్ మారిందేమో చూసింది. మారలేదు. ప్రోగ్రాంని ఆపి మళ్ళీ మొదలుపెట్టింది. అది రెండడుగులు వేసి చతికిలబడి, "లోపలికి అనుమతి లేదు" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది.

బ్యాకప్ ప్రోగ్రాం కూడా మనిషిలాగే తన పేరూ పాస్‌వర్డూ చెప్పుకుని సర్వర్‌లోకి వెళ్ళాలి. అలా వెళ్ళే హక్కు దాని పేరు మీద ఇన్నాళ్ళూ ఉంది. ఇప్పుడు చూస్తే లేదు. "ఇదెలా పోయిందబ్బా" అని తల గోక్కుని, ఆ హక్కు తన చేత్తోనే మళ్ళీ ఇచ్చింది. చిన్న ఫోల్డర్ ఒకటి కాపీ తీయించి చూసింది. చక్కగా తీసింది. హమ్మయ్య అనుకుని ఇంటికెళ్ళింది.

మర్నాడు ఉదయం మళ్ళీ ఎర్ర గుర్తు. ఇచ్చిన హక్కు మాయం. మళ్ళీ ఇచ్చింది. ఆ మర్నాడు కూడా మాయం. జోడీకి మొదట తన మతిమరుపు మీద అనుమానమొచ్చింది. తర్వాత సర్వర్ మీద అనుమానమొచ్చింది. చివరికి దొంగని పట్టుకునే తీరాలని, హక్కు ఇచ్చేసి, మధ్యాహ్నం భోజనం డబ్బా కూడా అక్కడికే తెచ్చుకుని, స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పకుండా కూర్చుంది. సగం తిన్నాక, కళ్ళముందే, ఎవరూ ముట్టుకోకుండానే, బ్యాకప్ పేరు అక్కడినుంచి చల్లగా జారుకుంది. జోడీ చేతిలోని చెంచా కింద పడింది.

అప్పుడు అర్థమైంది. ఇది సర్వర్ తప్పు కాదు. పైనుంచి ఒక పాలసీ, అంటే ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ కలిపి రాసిన నియమావళి, వస్తోంది. కాసేపటికొకసారి వచ్చి, సర్వర్ ఎలా ఉండాలని రాసుందో అలా సర్దేసి పోతోంది. ఇక్కడ ఎవరు ఏం మార్చుకున్నా దానికి లెక్కలేదు. ఆ పాలసీకి పేరు కూడా ఉంది. "ఎవరినీ నమ్మొద్దు". ఆ పేరు చూడగానే రాసిందెవరో ఇంకెక్కడా వెతకనక్కర్లేకపోయింది.

జోడీ విసవిసా వెళ్ళి వదిన బల్ల ముందు నిలబడింది.

"నా బ్యాకప్‌ని ఆపింది నువ్వా?"

"నేనెందుకు ఆపుతాను? పాలసీ ఆపింది."

"పాలసీ రాసిందెవరు?"

"నేనే" అంది వదిన, ప్రశాంతంగా. "ఆఫీసులో వరసలొద్దు. ఏదైనా ఉంటే దరఖాస్తు పెట్టు."

"సరే మేడమ్" అని జోడీ పక్క బల్ల దగ్గరికెళ్ళి, టకటకా దరఖాస్తు కొట్టి పంపింది. వదిన కంప్యూటర్ అక్కడికక్కడే టింగుమంది. వదిన అటు తిరిగి కూడా చూడలేదు.

"వచ్చింది కదా, చూడొచ్చుగా!"

"వరస ప్రకారం చూస్తాను. నీకంటే ముందు కాఫీ మెషిన్ ఉంది."

సాయంత్రానికి జవాబొచ్చింది. "సర్వర్‌లోని అన్ని ఫైళ్ళనూ చదివే అధికారం కోరుతున్నారు. అంత అధికారం ఎందుకో వివరించవలెను." జోడీ పళ్ళు నూరుకుంటూ, "ఫైళ్ళు చదవకుండా కాపీ తీసే విద్య తమరే నేర్పించగలరు" అని రాసింది. తిరుగు జవాబు వెంటనే వచ్చింది. "వెటకారం వివరణ కిందికి రాదు. దరఖాస్తు తిరస్కరించడమైనది."

ఆ రాత్రి భోజనాల దగ్గర జోడీ మొహం గంటు పెట్టుకుని కూర్చుంది.

"అన్నయ్యా, ఉప్పుడబ్బా ఇటివ్వమని మేడమ్ గారికి చెప్పు."

"ఎంత ఉప్పు కావాలో, ఎందుకు కావాలో చెప్పమనండి" అంది వదిన.

"కూరలో ఉప్పు లేదు గనక కావాలి!"

"కూర వండింది ఎవరో కూడా చెప్పమనండి."

కూర వండింది అన్నయ్య. ఆయన కాలు బల్ల కింద దానంతటదే బ్రేకు కోసం వెతుక్కుంది. దొరకలేదు. ఉప్పుడబ్బా తనే లేచి అందించి, "ఇవాళ ఒకావిడ రివర్స్‌లో బస్టాపులోకి పోనిచ్చింది" అని మాట మార్చబోయాడు. ఎవరూ నవ్వలేదు.

ఇదిలా ఉండగా స్టూడియోలో నక్కమ్మ రికార్డింగ్ ముగిసింది.

నక్కమ్మ పెద్దావిడ. జోడీ స్టూడియోలో చేరకముందు నుంచీ ఒక కార్టూన్‌లో జిత్తులమారి నక్కకి గొంతిస్తోంది. ఆమె నక్కనవ్వు నవ్విందంటే అద్దం అవతల కూర్చున్న రికార్డింగ్ అతను కూడా తన జేబు తడుముకునేవాడు. ఈ మధ్య ఆమెకి గొంతులో చిన్న కాయలాంటిది వచ్చింది. ప్రాణానికి భయం లేదుగానీ ఆపరేషన్ అయ్యాక ఈ గొంతు ఇలాగే ఉంటుందని చెప్పలేమన్నాడు డాక్టరు. అందుకని మిగిలిన కథలన్నిట్లోనూ నక్క మాటలు ఆపరేషన్‌కి ముందే చెప్పేస్తానని పట్టుబట్టి, వేణ్ణీళ్ళు తాగుతూ, మధ్యమధ్య దగ్గుతూ, అన్నీ పూర్తి చేసింది.

వెళ్ళేముందు జోడీ గదిలోకి తొంగిచూసింది.

"ఏమ్మా జోడీ, నా నక్కని జాగ్రత్తగా దాచావా?"

"దాచానమ్మా" అనేసింది జోడీ. అనేశాక నాలుక కరుచుకుంది. ఎందుకంటే ఆ నక్క ఒక్క చోటే ఉంది. ఆ ఒక్క చోటా కూడా అంత నమ్మకమైందేం కాదు. ఆ వేళ పొద్దున్నే సర్వర్ పెట్టె ముందు పసుపు దీపం వెలిగింది. డిస్క్ ముసలిదైంది, తొందరపడమని దానర్థం. కొత్త డిస్క్‌కి ఆర్డర్ పెట్టారు. అది ఎప్పుడొస్తుందో తెలీదు.

పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేద్దామంటే వదిన మూసేసింది. తన కంప్యూటర్‌లోకి లాగుదామంటే "ఇంత పెద్ద మొత్తంలో తరలించరాదు" అని స్క్రీన్ మీద వచ్చింది. మెయిల్లో పంపుదామంటే అదీ ఆగిపోయింది. ఏ దారిన వెళ్ళినా వదినే ఎదురొస్తోంది. మళ్ళీ వెళ్ళి వదిన ముందు నిలబడడానికి జోడీకి అభిమానం అడ్డొచ్చింది. చివరికి ఒక దిక్కుమాలిన ఆలోచన వచ్చింది.

ఎడిటింగ్ గదిలో తలుపేసుకుని, నక్కమ్మ మాటల్ని స్పీకర్‌లో పెట్టి, తన ఫోన్‌ని స్పీకర్ మూతి దగ్గర పట్టుకుని రికార్డు చెయ్యడం మొదలుపెట్టింది. ఊపిరి బిగపట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. నక్క కాకిని పొగుడుతుండగా బయట లారీ హారన్ కొట్టింది. మొదటికొచ్చింది. ఈసారి తనకే తుమ్మొచ్చింది. మళ్ళీ మొదటికొచ్చింది. మూడోసారి అంతా సవ్యంగా సాగుతూ, నక్క తన పేరుమోసిన నవ్వు మొదలుపెట్టబోతుండగా తలుపు తెరుచుకుంది.

"ఏం చేస్తున్నావే?" అంది వదిన.

ఫోన్ ఆ మాట కూడా రికార్డు చేసింది.

జోడీకి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. "బ్యాకప్ తీస్తున్నాను. నీ పాలసీకి చెవులు లేవని తెలిసి ఈ దారి పట్టాను. చాలా, దీనిక్కూడా దరఖాస్తు పెట్టాలా?"

వదిన లోపలికొచ్చి తలుపేసి, నేల మీద ఆమె పక్కనే కూర్చుంది. "ఎడిటింగ్ గదిలోకి ఫోన్ తేకూడదని కూడా ఒక పాలసీ ఉంది" అంది మెల్లగా. జోడీ ఉరిమి చూసేసరికి, "సరే, అది తర్వాత. ఇంతకీ ఏం పోతోంది?" అని అడిగింది.

జోడీ చెప్పింది. నక్కమ్మ గొంతు సంగతి, ఆపరేషన్ సంగతి, పసుపు దీపం సంగతి. వదిన మొహంలో రంగు మారింది.

"ఇదంతా దరఖాస్తులో ఎందుకు రాయలేదు?"

"నువ్వు ఇంట్లో ఎదురుగా కూర్చుని ఉప్పుకి కారణమడుగుతుంటే ఏం రాయమంటావు?"

వదిన స్పీకర్ కట్టేసింది. తర్వాత చెప్పింది. ఆమె పాత ఆఫీసులో దొంగలు పడ్డారు. తాళాలు పగలగొట్టలేదు, తలుపులు విరగ్గొట్టలేదు. బ్యాకప్ ప్రోగ్రాం పేరు చెప్పుకుని, దాని పాస్‌వర్డ్‌తో దర్జాగా లోపలికొచ్చి, ఉన్న ఫైళ్ళన్నీ ఊడ్చుకుపోయారు. బ్యాకప్ అన్నీ చదువుతుంది, రాత్రిపూటే పనిచేస్తుంది, కట్టలకొద్దీ కాపీ చేసి బయటికి మోస్తుంది. దొంగా అదే పని చేస్తాడు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

"నీ ప్రోగ్రాం చూస్తే నాకు నువ్వు కనిపించవే. ఆ రోజు కనిపిస్తుంది" అంది వదిన.

"మరి ఈ మాట నాకెందుకు చెప్పలేదు?"

"భోజనాల దగ్గర ఆఫీసు మాట వద్దన్నారుగా మీ అన్నయ్య!"

ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. పాపం అన్నయ్య, శాంతి కోసం ఆయన పెట్టిన నియమం ఇంత పని చేసింది.

ఆ మధ్యాహ్నమే ఇద్దరూ సర్వర్ గదిలోకి వెళ్ళారు. అందులో చలి ఎముకలు కొరికేస్తుంది. జోడీ దగ్గర స్వెట్టర్లు రెండున్నాయి కాబట్టి ఒకటి వదినకిచ్చింది. రెండు కుర్చీలు పక్కపక్కన వేసుకుని కూర్చున్నారు.

ముందుగా వదిన పై పాలసీలోనే బ్యాకప్‌కి ప్రవేశం రాసింది. అయితే అన్ని సర్వర్లలోకీ కాదు, ఈ ఒక్కదానిలోకే. మనుషులెవరూ ఆ పేరుతో లోపలికి రాకుండా, ప్రోగ్రాం మాత్రమే వచ్చేలా. జోడీ మీట నొక్కింది. ప్రోగ్రాం గుమ్మం దాటింది. ఇద్దరూ ఊపిరి పీల్చుకునేలోపు మళ్ళీ చతికిలబడింది.

"ఇప్పుడేమైంది?"

"అది పని మొదలుపెట్టేముందు తాత్కాలిక ఫోల్డర్‌లో ఒక చిన్న సహాయకుణ్ణి, అంటే ఇంకో బుల్లి ప్రోగ్రాంని, విప్పి కూర్చోబెడుతోంది. రోజుకో కొత్త పేరుతో" అంది వదిన చదువుతూ. "ఆ ఫోల్డర్‌లోంచి ఏదీ నడవకూడదని నా నియమం. వైరస్‌లన్నీ అక్కడే పుడతాయి."

"ఆ ఫోల్డర్ మొత్తం వదిలెయ్ మరి."

"ఇంకా నయం! వీధి తలుపు తీసి పడుకోమంటావా?"

"పేరు రోజూ మారుతుంది గదా. ఎలా గుర్తుపడతావు?"

ఇద్దరూ బుర్రలు గోక్కున్నారు. జోడీకే తట్టింది. "పేరు మారినా తయారుచేసినవాళ్ళ సంతకం మారదు కదా! ప్రతి ప్రోగ్రాం మీదా కంపెనీ ముద్ర ఉంటుందిగా. ముద్ర చూసి వదలమను."

"ఓసి నీ తెలివి సంతకెళ్ళా!" అంది వదిన మురిపెంగా, టైపు చేస్తూ.

ఈసారి బ్యాకప్ పరుగందుకుంది. స్క్రీన్ మీద పచ్చగీత ఇంత నుంచి ఇంతకి, అంత నుంచి మరికాస్తకి పాకుతోంది. సగం దాటగానే వదిన జేబులోని ఫోన్ "కుయ్యో కుయ్యో" మని మొత్తుకుంది. పచ్చగీత ఆగిపోయింది.

"దొంగ! దొంగ!" అంది వదిన, లేచి నిలబడి. తర్వాత స్క్రీన్ చూసి కూర్చుంది. "కాదు, నువ్వే. ఇన్ని ఫైళ్ళు ఇంత వేగంగా చదువుతుంటే నా కాపలా ప్రోగ్రాం పట్టేసుకుంది. చూశావా ఎంత చురుగ్గా పట్టిందో!"

"మెచ్చుకోవడం అయ్యాక వదిలిపెట్టమని చెప్పు."

వదిన కాపలా ప్రోగ్రాంకి కూర్చుని పాఠం చెప్పింది. ఈ ముద్ర ఉన్న ప్రోగ్రాం, ఈ పేరుతో, ఈ సర్వర్ నుంచి, ఆ ఒక్క చోటికే మోస్తుంటే మనవాళ్ళే అనుకో. వీటిలో ఏ ఒక్కటి తేడా వచ్చినా పట్టుకో. చెప్పి, ఇంకోసారి చదివి, తోసి చూసింది. ఫ్రిజ్ తలుపులాగే.

సాయంత్రం ఆఫీసు ఖాళీ అయ్యే వేళకి పచ్చటి టిక్కు వచ్చింది. జోడీ వదినని గట్టిగా వాటేసుకుంది. స్వెట్టర్లు రెండూ ఒకే రంగువి కావడంతో, కాఫీ మెషిన్ సంగతి అడగడానికి వచ్చిన పెద్దసారుకి క్షణంపాటు ఏ చెయ్యి ఎవరిదో అర్థంకాలేదు.

డిస్క్ ఎక్కువ కాలం ఆగలేదు. నక్కమ్మని ఆపరేషన్‌కి తీసుకెళ్ళిన రోజు పొద్దున్నే టకటకమని ఒక చప్పుడు చేసి ప్రాణం విడిచింది. పెద్దసారు జుట్టు పీక్కుంటూ పరిగెత్తుకొచ్చారు. "నక్క పోయిందా?" అని ఒకటే అడగడం. జోడీ అప్పుడే వచ్చిన కొత్త డిస్క్ బిగించి, దాచిన కాపీని అందులోకి తిరిగి దించింది. ఒక ఫైలు తెరవబోయింది. తెరుచుకోలేదు. "బయటినుంచి వచ్చిన ఫైలు. అనుమతి లేదు" అని వచ్చింది స్క్రీన్ మీద.

గదిలో అందరూ కలిసి వదిన వైపు తిరిగారు.

వదిన మొట్టమొదటిసారి సిగ్గుపడింది. "తీసుకెళ్ళడానికి అనుమతిచ్చానుగానీ, తిరిగి తెచ్చుకోవడానికి ఇవ్వడం మర్చిపోయాను" అని గొణిగి, దరఖాస్తు అడక్కుండా, కాఫీ మెషిన్ వరస కూడా దాటించి, అప్పటికప్పుడే సరిచేసింది. మరుక్షణం స్పీకర్‌లో నక్క పకపకా నవ్వింది. పెద్దసారు చటుక్కున జేబు తడుముకున్నారు.

నక్కమ్మ కోలుకుని స్టూడియోకి వచ్చేసరికి కాలం మారి వానలు మొదలయ్యాయి. గుమ్మంలో గొడుగు విదిలించి, "బాగున్నారా పిల్లలూ" అంది. అందరూ ఉలిక్కిపడ్డారు. సన్నగా, గిలిగింతలు పెట్టినట్టుండే గొంతు పోయి, బావి అడుగునుంచి వచ్చినట్టు బొంగురుగా, బరువుగా ఉంది. జోడీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వదిన ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఎందుకమ్మా ఆ మొహాలు?" అంది నక్కమ్మ. "ఇంట్లో అద్దం ముందు అన్నీ అని చూసుకున్నాను. నక్కగా ఇక పనికిరాను. కానీ పెద్దసారూ, మీ కథల్లో ఎలుగుబంటికి సరైన గొంతు దొరక్క ఏడుస్తున్నారుగా?"

పెద్దసారు ఆమెని చెయ్యి పట్టుకుని తిన్నగా రికార్డింగ్ గదిలోకి తీసుకెళ్ళారు.

ఆ కథలో నక్క ఎలుగుబంటి తేనె కాజేసి, పైగా ఎదురు దబాయిస్తుంది. హెడ్‌ఫోన్‌లో పాత గొంతు వినిపిస్తోంది. మైకు ముందు కొత్త గొంతు జవాబు చెప్పాలి. నక్కమ్మ మొదటి మాట అందుకుంది. రెండో మాట దగ్గర హెడ్‌ఫోన్‌లో నక్క ఆమెని "మొద్దు మొహమా" అని తిట్టి పకపకా నవ్వింది. నక్కమ్మకి పౌరుషం పొడుచుకొచ్చింది. రాసిచ్చిన మాటలు పక్కన పెట్టేసి, "ఏయ్ పిల్లా! నోరు అదుపులో పెట్టుకో, పెద్దంతరం చిన్నంతరం లేదా?" అని గది దద్దరిల్లేలా గర్జించింది.

అద్దం ఇవతల వదినా జోడీ ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారు. నక్కమ్మ హెడ్‌ఫోన్ సర్దుకుని, చూపుడువేలు పైకెత్తి, "ఆ నక్కని మళ్ళీ ఒకసారి వెయ్యండి. ఇంకో నాలుగు తిట్లు మిగిలున్నాయి" అంది.